ఇంగ్లండ్ ‘కుట్ర పాటలు’: మళ్ళీ మళ్ళీ వస్తున్న ఆ మెసేజ్‌కి నా జవాబు

ఈ నెలలో ఇది నాకు ఐదోసారి వచ్చింది. మొదట కాలేజీ బ్యాచ్ గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, నిన్న రాత్రి మా పెద్దబావ దగ్గర్నుంచి. మొదటి రెండుసార్లు ఊరుకున్నాను. మూడోసారి మర్యాదగా రెండు వాక్యాలు రాశాను. వాటి కింద ఒకరు దండం బొమ్మ పెట్టి, అదే మెసేజ్ మళ్ళీ పంపారు. ఇక పూర్తిగా రాయక తప్పడం లేదు.

చూడనివాళ్ళ కోసం అందులో ఉన్నది క్లుప్తంగా చెబుతాను. 1678లో ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్‌ను చంపి, దేశాన్ని పోప్ చేతిలో పెట్టడానికి క్యాథలిక్కులు పెద్ద కుట్ర చేశారట. పార్లమెంటు, కోర్టులు నోరు మూసుకుని కూర్చుంటే, ప్రజాకవులు వీధుల్లో పాటలు కట్టి ఆ గుట్టు బయటపెట్టారట. 1666లో లండన్‌ను తగలబెట్టింది కూడా వాళ్ళేనట, చేసినవాడు ఒప్పుకున్నాడట. 1688లో ఒక్క పాట దెబ్బకి క్యాథలిక్ రాజు దేశం వదిలి పారిపోయాడట. మన పిల్లలు నర్సరీలో పాడే ఇంగ్లిష్ రైమ్స్‌లో కూడా ఈ రహస్యాలే ఉన్నాయట. చివర్లో చుట్టూ నిప్పు బొమ్మలు పెట్టి: ‘వందల పాటలు ఊరికే పుట్టవు. నిప్పు లేనిదే పొగ రాదు. ప్రజల పాటే అసలైన సాక్ష్యం.’

ఆ ఆఖరి మూడు వాక్యాల కోసమే ఇదంతా రాస్తున్నాను. మిగతావి తప్పులు, దిద్దుకుంటే పోతాయి. ఈ మూడూ మనుషుల్ని చంపిన మాటలు. ముందు చిన్నవి తేల్చేసి అక్కడికి వస్తాను.

రైమ్స్ సంగతి. ‘మేరీ మేరీ క్వైట్ కాంట్రరీ’లోని మేరీ, ప్రొటెస్టెంట్లను తగలబెట్టించిన క్యాథలిక్ రాణి అంటున్నారు. ఆ రాణి 1558లో పోయింది. ఆ రైమ్ మొదటిసారి అచ్చులో కనిపించింది 1744 ప్రాంతంలో. ‘త్రీ బ్లైండ్ మైస్’ 1609లోనే అచ్చయింది నిజమే. కానీ ఆ మూడు ఎలుకలూ మేరీ చంపించిన ముగ్గురు బిషప్పులని చెప్పే ఆధారం ఆ కాలంలో ఒక్కటీ లేదు. పిల్లల్ని పాడుకోనివ్వండి.

1605 నాటి గన్‌పౌడర్ కుట్ర గురించి కూడా ఒక ముక్క ఉంది. అది నిజం. పార్లమెంటు భవనం కింద 36 పీపాల మందుగుండు, దానికి కాపలాగా గై ఫాక్స్ దొరికారు. దాని మీద ఎన్నో పాటలు వచ్చాయి, పిల్లలు ఇప్పటికీ పాడుతున్నారు. కానీ అక్కడ ముందు మందుగుండు దొరికింది, తర్వాత పాట పుట్టింది. ఈ వరస గుర్తుపెట్టుకోండి, కింద అవసరం పడుతుంది.

ఇక లండన్ మంటలు. 1666 సెప్టెంబర్ 2 తెల్లవారకముందే పుడింగ్ లేన్ అనే సందులో థామస్ ఫారినర్ బేకరీలో నిప్పు అంటుకుంది. వేసవంతా ఎండిపోయిన చెక్క ఇళ్ళు, పైగా ఈదురుగాలి. నాలుగు రోజుల్లో 13,200 ఇళ్ళు, 87 చర్చిలు కాలిపోయాయి. ‘ఒప్పుకున్నాడు’ అని మెసేజ్ చెబుతున్న మనిషి రాబర్ట్ హ్యూబర్ట్, ఫ్రాన్స్‌లోని రువాన్ నుంచి వచ్చిన గడియారాల పనివాడు. మొదట వెస్ట్‌మిన్‌స్టర్‌లో నిప్పు పెట్టానన్నాడు. మంట అసలు అక్కడిదాకా పోనేలేదు. తర్వాత మాట మార్చి, బేకరీకి పెట్టానన్నాడు. విచారణలో కూర్చున్నవాళ్ళకే అతని మాట మీద నమ్మకం కుదరలేదు. అయినా అక్టోబర్‌లో ఉరి తీశారు. అతను వచ్చిన ఓడ కెప్టెన్ తర్వాత చెప్పాడు: మంటలు మొదలైన రెండు రోజులకి గానీ హ్యూబర్ట్ లండన్‌లో దిగలేదని. అతని మీద అభియోగ పత్రంలో సంతకాలు పెట్టినవాళ్ళలో ఫారినర్ కుటుంబం వాళ్ళే ముగ్గురున్నారు. పొయ్యి సరిగా ఆర్పలేదన్న నింద తప్పించుకోవాల్సిన అవసరం అందరికంటే వాళ్ళకే ఎక్కువ.

ఆ మంటల గుర్తుగా కట్టిన 202 అడుగుల స్తంభం మీద ‘ఇది పోప్ మనుషుల పని’ అని చెక్కారు కదా అని మా బావ అడిగాడు. చెక్కారు. ఎప్పుడు? 1681లో, మంటలు ఆరిన పదిహేనేళ్ళకి. అప్పటికి 1678 కుట్ర కథ ఊరంతా మారుమోగుతోంది. జెస్యూట్లే (క్యాథలిక్ గురువుల్లో ఒక సంఘం వాళ్ళే) లండన్ తగలబెట్టారన్నది కూడా ఆ కథలో ఒక భాగం. చార్లెస్ తర్వాత అతని క్యాథలిక్ తమ్ముడు జేమ్స్ రాజయ్యాక ఆ మాటలు చెరిపారు, జేమ్స్‌ను దించిన ప్రొటెస్టెంట్ విలియం రాజయ్యాక మళ్ళీ చెక్కారు, 1830 ప్రాంతంలో శాశ్వతంగా తీసేశారు. రాజు మారినప్పుడల్లా మారిన రాతను ఋజువని ఎలా అనుకుంటాం?

ఒక్క పాటతో రాజు పారిపోయాడన్న మాట. ఆ పాట ‘లిల్లిబులేరో’. మన ఇళ్ళలో షార్ట్‌వేవ్ రేడియో మీద బీబీసీ వరల్డ్ సర్వీస్ విన్న పెద్దవాళ్ళకి దాని బాణీ తెలుసు. అప్పట్లో వార్తల ముందు వచ్చిన ఆ బాణీయే ఇది. మాటలు థామస్ వార్టన్ రాశాడంటారు. పార్లమెంటు సభ్యుడు, ప్రభువుల కొడుకు. రెండో జేమ్స్ ఐర్లండ్‌కు టిర్‌కానెల్ అనే క్యాథలిక్ ప్రభువును పాలకుడిగా నియమిస్తే, దాని మీద ఐరిష్ యాసను వెక్కిరిస్తూ కట్టిన పాట. 1688లో సైన్యమంతా, ఊరంతా ఇదే పాడిందని ఆ కాలపు బిషప్ బర్నెట్ రాశాడు. నమ్ముతాను. ఈ పాట వల్లే రాజు మూడు రాజ్యాలూ వదిలి పోయాడని వార్టన్ గొప్పలు చెప్పుకున్నాడు. దాన్ని మాత్రం నమ్మను. జేమ్స్ పారిపోవడానికి ముందు నవంబర్ 5న టోర్‌బే రేవులో విలియం పదిహేను వేల దాకా సైన్యంతో దిగాడు. జేమ్స్ నమ్ముకున్న సేనాని చర్చిల్ అటువైపు వెళ్ళిపోయాడు. కన్నకూతురు ఆన్ కూడా వెళ్ళిపోయింది. పాట ఆ గాలికి తోడయింది, అంతే.

అదే ఏడాది ఇంకో రకం పాటలు కూడా వచ్చాయి, మెసేజ్ వాటి ఊసెత్తలేదు. జూన్ 10న జేమ్స్ భార్యకు కొడుకు పుట్టాడు. ఆ బిడ్డ ఆమె బిడ్డే కాదని, పక్క వెచ్చబరిచే నిప్పుల పళ్ళెంలో దాచి ఎవరి బిడ్డనో పురిటి గదిలోకి తెచ్చారని పాటలు కట్టారు. రాజు చివరికి నలభై మందికి పైగా సాక్షుల్ని కూర్చోబెట్టి, తన భార్య ప్రసవం గురించి వాంగ్మూలాలు ఇప్పించుకోవాల్సి వచ్చింది. ఒక తల్లి పురిటి నొప్పులు పడిందా లేదా అని దేశం వాదించుకుంది. అవీ ‘ప్రజల పాటలే’. అవీ వందల మంది పాడినవే. మరి ఆ పళ్ళెం కూడా నిజమేనా?

ఇప్పుడు 1678కి వస్తాను.

‘కోర్టులు, పార్లమెంటు నోరు మూసుకున్నాయి’ అన్నది పూర్తిగా తలకిందులు. టైటస్ ఓట్స్ అనే మనిషి సెప్టెంబర్‌లో ఎడ్మండ్ బెర్రీ గాడ్‌ఫ్రీ అనే మెజిస్ట్రేట్ ముందు ప్రమాణం చేసి తన కథ రాసిచ్చాడు. అక్టోబర్ 31కల్లా పార్లమెంటు దిగువ సభ ‘పాపిష్టి, నరకప్రాయమైన కుట్ర’ ఉందని తీర్మానం చేసింది. క్యాథలిక్కులు లండన్‌కు పది మైళ్ళ దూరం పోవాలని ప్రకటన వచ్చింది. అప్పటి ఇంగ్లండ్‌లో వాళ్ళు వందకి ఒకరో ఇద్దరో. పార్లమెంటు రెండు సభల్లోనూ వాళ్ళు కూర్చోకుండా చట్టం చేశారు, అది 1829 దాకా పోలేదు. డిసెంబర్ 3కల్లా, జేమ్స్ భార్య దగ్గర కార్యదర్శిగా పనిచేసిన క్యాథలిక్ ఎడ్వర్డ్ కోల్‌మన్‌ను ఉరి తీశారు. నోరు మూసుకున్న వ్యవస్థ చేసే పనులా ఇవి? రాజ్యం మొత్తం ఈ కథను నెత్తిన పెట్టుకుంది. పాటలు దాని వెనక వచ్చాయి. మందుగుండు గురించి పైన చెప్పిన వరస ఇక్కడ చూడండి: ఇక్కడ మందుగుండు లేదు, ఆయుధం లేదు, హంతకుడు లేడు. ఉన్నది ఒక మనిషి ప్రమాణం మాత్రమే.

ఆ మనిషి ఎవరు? స్కూల్లోంచి పంపేశారు, కేంబ్రిడ్జ్‌లో డిగ్రీ రాలేదు. పాదిరీ అయ్యాడు. హేస్టింగ్స్‌లో ఒక స్కూలు మాస్టారి మీద ఘోరమైన అబద్ధపు అభియోగం మోపి, తానే కేసులో ఇరుక్కుని పారిపోయాడు. నౌకాదళంలో చేరితే అక్కడా తీసేశారు. 1677లో క్యాథలిక్‌గా మారి స్పెయిన్‌లో వాళ్ళ కాలేజీకి, తర్వాత ఫ్లాండర్స్‌లో సెయింట్ ఓమర్ కాలేజీకి వెళ్ళాడు. రెండూ వెళ్ళగొట్టాయి. సలమాంకా విశ్వవిద్యాలయం డాక్టరేట్ ఇచ్చిందని చెప్పుకున్నాడు. ఇవ్వలేదు. రాజు స్వయంగా కూర్చోబెట్టి అడిగాడు: నువ్వు స్పెయిన్‌లో కలిశానంటున్న అక్కడి రాజకుటుంబీకుడు డాన్ జాన్ ఎలా ఉంటాడు? పొడుగ్గా, సన్నగా, నల్లగా అన్నాడు ఓట్స్. డాన్ జాన్‌ను చూసిన చార్లెస్‌కు తెలుసు, అతను పొట్టివాడు, తెల్లనివాడు. కథ అబద్ధమని రాజుకు ఆ రోజే అర్థమైంది. అయినా ఓట్స్‌కి వైట్‌హాల్ భవనంలో గదులు, వారానికి 12 పౌండ్లు దక్కాయి.

ఆయన కథకు ప్రాణం పోసింది గాడ్‌ఫ్రీ చావు. అక్టోబర్ 12న కనపడకుండా పోయిన మెజిస్ట్రేట్ 17న ప్రింరోజ్ హిల్ దగ్గర శవమై దొరికాడు, తన కత్తే తన ఒంట్లో దిగి ఉంది. చంపిందెవరో ఇవాళ్టికీ తేలలేదు. అప్పుడు మాత్రం ఆధారం చెప్పినవాళ్ళకి 500 పౌండ్లు ఇస్తామని ప్రకటించగానే విలియం బెడ్లో అనే మోసగాడు ముందుకొచ్చాడు. మైల్స్ ప్రాన్స్ అనే వెండిపనివాడిని జైల్లో పెట్టి వేధిస్తే ముగ్గురి పేర్లు చెప్పాడు. తర్వాత కాదన్నాడు. మళ్ళీ ఔనన్నాడు. గ్రీన్, బెర్రీ, హిల్ అనే ఆ ముగ్గురు పనివాళ్ళను 1679 ఫిబ్రవరిలో ఉరి తీశారు. 1686లో ప్రాన్స్ తాను చెప్పింది అబద్ధ సాక్ష్యమని కోర్టులో ఒప్పుకున్నాడు. అప్పటికి ఏడేళ్ళయింది.

ఇక పాటలు. గాడ్‌ఫ్రీ చావు మీద పాటలు వచ్చాయి, పేకముక్కల మీద బొమ్మలు అచ్చయ్యాయి, కత్తుల మీద ఆయన పేరు చెక్కి అమ్మారు. 1679లో అచ్చు మీద లైసెన్సు చట్టం గడువు తీరిపోయింది, ఎవరికి తోచింది వాళ్ళు అచ్చేశారు. ఒక కాగితం, పైన ఒక చెక్క అచ్చు బొమ్మ, దాని కింద ‘ఫలానా పాట వరసలో పాడుకోవాలి’ అని ఒక ముక్క, ధర ఒక పెన్నీ. బాణీ అందరికీ ముందే తెలుసు కాబట్టి చదువు రానివాడికి కూడా ఒక్కసారి వింటే పట్టుబడేది. మన దగ్గర ఎన్నికలప్పుడు ఆటోలకి మైకులు కట్టి, హిట్ సినిమా పాట బాణీలో అభ్యర్థి పేరు దూర్చి వదులుతారు. ఆ పాట రాయించింది ఎవరో, డబ్బు పెట్టింది ఎవరో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. దాన్ని మనం ప్రజల గొంతు అనం. మరి లండన్ సంగతి వచ్చేసరికి ఎందుకు అంటున్నాం?

అక్కడా డబ్బు పెట్టినవాళ్ళున్నారు. చాన్సరీ లేన్ మూలన కింగ్స్ హెడ్ అనే టావెర్న్‌లో గ్రీన్ రిబ్బన్ క్లబ్ కూడేది. ప్రభువులు, పార్లమెంటు సభ్యులు, లాయర్లు. రాజు తమ్ముడు జేమ్స్ తర్వాత రాజు కాకూడదన్నది వాళ్ళ పట్టు, షాఫ్ట్స్‌బరీ ప్రభువు వాళ్ళ నాయకుడు. 1679, 80, 81లో నవంబర్ 17న జరిగిన పోప్ దహనం ఊరేగింపులకి ఖర్చు పెట్టింది ఈ క్లబ్బే. గుర్రం మీద గాడ్‌ఫ్రీ శవం బొమ్మ, వెనక జెస్యూట్ల వేషాలు, చివర పోప్ బొమ్మ, పక్కన పాటలు. అంతకుముందు 1677లో కాల్చిన పోప్ బొమ్మ కడుపులో బతికున్న పిల్లుల్ని కుక్కారని, అవి కాలుతూ అరిచాయని ఆ కాలపు ఉత్తరం ఒకటి చెబుతోంది. ‘జనం ఉప్పొంగి పాడారు’ అని మెసేజ్‌లో ఉంది. జనం పాడారు, నిజమే. పాట వాళ్ళ చేతికి ఇచ్చిందెవరో కూడా రాయండి.

ఇంకో మాట. పాటే సాక్ష్యమైతే, రెండో వైపు పాటల్ని ఏం చేస్తారు? నథానియెల్ థాంప్సన్ అనే అచ్చాపీసు యజమాని రాజు పక్షం. ఓట్స్‌ను, షాఫ్ట్స్‌బరీని తిట్టే పాటల్ని పోగేసి 1685లో 180 పాటల సంకలనం వేశాడు. అవీ పెన్నీ పాటలే, అవీ అవే బాణీలు. ఒకే బాణీ మీద ఒక పక్షం ‘కుట్ర ఉంది’ అని, ఇంకో పక్షం ‘కుట్ర మీరే అల్లారు’ అని పాడింది. ఏ పక్షం పాటలు ఎక్కువో లెక్కపెట్టి తీర్పు చెబుదామా? 1685లో ఓట్స్‌కి అబద్ధ సాక్ష్యం కింద శిక్ష పడి, బండి వెనక కట్టి ఆల్డ్‌గేట్ నుంచి న్యూగేట్ దాకా, రెండు రోజులాగి న్యూగేట్ నుంచి, లండన్‌లో ఉరి తీసే చోటైన టైబర్న్ దాకా కొరడాలతో కొట్టినప్పుడు, ఆ దెబ్బల మీద కూడా ఆనందంగా పాటలు కట్టారు. ఏడేళ్ళ కింద దేశాన్ని కాపాడినవాడని పొగిడింది కూడా ఆ వీధుల్లోనే.

కోర్టులు ఎప్పుడైనా కాస్త కళ్ళు తెరిస్తే ఈ పాటలు ఏం చేశాయో చూడండి. 1679 జులైలో రాణి వైద్యుడు జార్జ్ వేక్‌మన్ మీద విచారణ జరిగింది. అప్పటిదాకా నిందితుల మీద విరుచుకుపడిన ప్రధాన న్యాయమూర్తి స్క్రాగ్స్ ఈసారి ఓట్స్ మాటల్లో పొంతన లేదని జ్యూరీకి చెప్పాడు. వేక్‌మన్ విడుదలయ్యాడు. వెంటనే స్క్రాగ్స్ లంచం తిన్నాడని పాటలు. నమ్మినన్నాళ్ళు న్యాయమూర్తి, నమ్మనన్నరోజు అమ్ముడుపోయినవాడు.

మెసేజ్‌లో జెస్యూట్లను ‘హంతకుల ముఠా’ అని రాశారు. 1679 జూన్ 20న ఐదుగురు జెస్యూట్లను ఒకే రోజు టైబర్న్‌లో ఉరి తీశారు: వైట్‌బ్రెడ్, హార్‌కోర్ట్, ఫెన్విక్, గావన్, టర్నర్. ఓట్స్ ఏ రోజున లండన్‌లో కుట్ర సమావేశంలో ఉన్నానన్నాడో ఆ రోజు అతను సెయింట్ ఓమర్ కాలేజీలో ఉన్నాడని చెప్పడానికి అక్కడి విద్యార్థులు సముద్రం దాటి వచ్చారు. క్యాథలిక్కుల మాట ఎలా నమ్ముతామని పక్కన పెట్టారు. ఈ మెసేజ్ పంపినవాళ్ళలో నా స్నేహితులు ఇద్దరు విజయవాడ ఆంధ్ర లయోలా కాలేజీలో చదివారు. వాళ్ళ కాలేజీ నడిపేది ఆ జెస్యూట్ ఫాదర్లే. చదవకుండా పంపారని నాకు తెలుసు. అందుకే కోపం కంటే బాధ ఎక్కువగా ఉంది.

ఆ పాటల్ని దాచిపెట్టిన మనిషి గురించి కూడా చెప్పాలి. ఆ కాలపు పెన్నీ పాటలు ఇవాళ మనకి దొరుకుతున్నాయంటే పెద్ద కారణం నౌకాదళ అధికారి శామ్యూల్ పెపిస్. ఐదు సంపుటాల్లో 1,800 దాకా పాటలు అతికించి దాచాడు, కేంబ్రిడ్జ్‌లోని మాగ్డలీన్ కాలేజీలో ఉన్నాయి. అదే పెపిస్‌ను 1679 మేలో క్యాథలిక్కులతో కలిసి నౌకాదళ రహస్యాలు ఫ్రాన్స్‌కు అమ్మాడని లండన్ టవర్ జైల్లో పెట్టారు. అంతకుముందు ఆయన గుమాస్తా మీద గాడ్‌ఫ్రీ హత్య కేసు పెట్టారు. సాక్ష్యం చెప్పినవాళ్ళలో ఒకడు పెపిస్ ఇంట్లో పనిచేసి మానేసిన మనిషి. చావు మంచం మీద అంతా అబద్ధమని ఒప్పుకున్నాడు. పెపిస్ తన తెలివితో, డబ్బుతో బయటపడ్డాడు. గ్రీన్‌కి, బెర్రీకి, హిల్‌కి ఆ రెండూ లేవు.

ఇక ‘ప్రజాకవి’ అని మెసేజ్ ఫొటోతో సహా పెట్టిన స్టీఫెన్ కాలేజ్. కాలేజ్ అన్నది అతని ఇంటిపేరు, అతను వడ్రంగి. ‘ప్రొటెస్టెంట్ జాయినర్’ అని పేరు. క్యాథలిక్కుల మీద, చివరికి రాజు మీద కూడా పాటలు కట్టాడు. 1681లో ‘రారీ షో’ అనే పాట అతని పేరుతో ప్రచారమైంది. అందులో రాజు పార్లమెంటును పెట్టెలో పెట్టి వీపున మోసుకుని ఊరూరా తిప్పే ఆటగాడు. మెసేజ్ ఇక్కడ ఆగిపోయింది. ఆ తర్వాత జరిగింది నేను చెబుతాను. రాజు పక్షం అతని మీద రాజద్రోహం కేసు పెట్టింది. లండన్ జ్యూరీ కేసు చెల్లదంటే ఆక్స్‌ఫర్డ్‌కు మార్చింది. అక్కడ అతనికి వ్యతిరేకంగా ప్రమాణం చేసి చెప్పినవాళ్ళలో డగ్డేల్, టర్బర్‌విల్ ఉన్నారు. ఎనిమిది నెలల కింద స్టాఫర్డ్ అనే ముసలి క్యాథలిక్ ప్రభువు తల తీయించిన సాక్షులు ఆ ఇద్దరూ, ఓట్స్. ఇప్పుడు ఓట్స్ కాలేజ్ తరఫున వచ్చి, తన పాత సహ సాక్షుల మాట నమ్మొద్దన్నాడు. ముగ్గురూ కలిసి ఒక మనిషిని చంపించి, ఏడాది తిరగకుండా ఒకరినొకరు అబద్ధాలకోరులన్నారు. కాలేజ్‌ను ఆగస్టు 31న ఉరి తీశారు. తాను ఎవరి మాటల్ని పాటలుగా కట్టి ఊరంతా పాడించాడో, ఆ నోళ్ళే అతని ప్రాణం తీశాయి. అతని చావు కూడా అన్యాయమే. నేను అతని పాటల్ని ద్వేషిస్తాను, అతన్ని ఉరి తీసిన తీర్పును అంతకంటే ఎక్కువ ద్వేషిస్తాను.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే నేనూ ఆ మెసేజ్ రాసినవాళ్ళలాగే అవుతాను. అప్పట్లో నిజంగానే ఒక రహస్యం ఉంది. 1670లో డోవర్‌లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీతో చేసుకున్న రహస్య ఒప్పందంలో, తాను క్యాథలిక్‌నని ప్రకటిస్తానని, అందుకు డబ్బు, అవసరమైతే సైన్యం తీసుకుంటానని సంతకం పెట్టించింది రెండో చార్లెసే. కోల్‌మన్ లూయీ గురువుకు రాసిన ఉత్తరాలు కూడా కల్పన కాదు. ఇంగ్లండ్‌ను మళ్ళీ క్యాథలిక్ దేశం చెయ్యాలన్న మాటలు వాటిలో ఉన్నాయి, అందుకు డబ్బు అడగడం ఉంది. రాజును చంపడం మాత్రం లేదు. చార్లెస్ 1685లో చనిపోయే ముందు రోజు నిజంగానే క్యాథలిక్ అయ్యాడు. ఎం.ఏ. ఇంగ్లిష్ చదివినవాళ్ళకి కవి డ్రైడెన్ 1681లో రాసిన ‘అబ్సలామ్ అండ్ అకిటోఫెల్’ గుర్తుండొచ్చు. అందులో ఆయన అన్నదీ అదే: కొంత నిజముంది, దాన్ని అబద్ధాలతో కలిపి కాచారని. డ్రైడెన్ రాజు పక్షం మనిషే, అయినా ఆ మాట సరైనది.

అంటే జనానికి అనుమానం రావడంలో తప్పు లేదు. ఏదో దాస్తున్నారని వాళ్ళకి అనిపించింది, దాచిన మాట నిజం. కానీ నాకు తెలిసిన ఏ పాటా డోవర్‌లో సంతకం పెట్టిన చేతిని చూపించలేదు. ఆ ఒప్పందం పత్రాలు బయటికి రావడానికి నూట అరవై ఏళ్ళు పట్టింది. రహస్యం రాజు దగ్గర ఉంటే, పాటలు వెండిపనివాళ్ళని, నౌకర్లని, ముసలి పాదిరీల్ని చూపించాయి. నిప్పు ఒక ఇంట్లో ఉంటే పొగ చూపించి ఇంకో ఇంటివాళ్ళని కాల్చారు.

మెసేజ్ మీద నా అసలు అభ్యంతరం ఇదే. ఈ పాటలు ఏ గుట్టునూ రట్టు చెయ్యలేదు. అవి చేసింది ఒకటే: నిజం తెలిసినవాడి చేతులు కట్టేశాయి.

ఐర్లండ్‌లోని అర్మాకు క్యాథలిక్ ఆర్చ్‌బిషప్ అయిన ఆలివర్ ప్లంకెట్ సంగతి చూడండి. ఫ్రెంచ్ సైన్యాన్ని ఐర్లండ్‌లో దించడానికి కుట్ర చేశాడని ఆయన మీద ఆరోపణ. 1680లో ఐర్లండ్‌లోని డండాక్‌లో విచారణ పెడితే, ఆయన తెలిసిన ఆ ఊళ్ళో చెప్పడానికి సాక్షులు మొహం చెల్లక రాలేదు. దాంతో లండన్‌కు మార్చారు, ఆయన ఎవరో ఎవరికీ తెలియని చోటికి. జ్యూరీ పదిహేను నిమిషాల్లో దోషి అంది. ఒకప్పుడు ఐర్లండ్‌ను పాలించిన ఎసెక్స్ ప్రభువు రాజు దగ్గరికి వెళ్ళి, ఈయన నిర్దోషి, నాకు తెలుసు, క్షమించండి అన్నాడు. ఆ మాట విచారణలో ఎందుకు చెప్పలేదని రాజు కోప్పడ్డాడని, ఆయన నెత్తురు నీ తల మీదే ఉంటుంది, నాకు క్షమించే ధైర్యం లేదు అన్నాడని ఆ కాలంవాళ్ళు రాశారు.

క్షమించే ధైర్యం లేని ఆ మనిషి దేశానికి రాజు. డాన్ జాన్ నల్లగా ఉంటాడన్న రోజే ఓట్స్ అబద్ధం పట్టుకున్న రాజు. ఆయనకి భయం దేని గురించి? కిటికీ బయట వినిపిస్తున్న దాని గురించి. మూడేళ్ళుగా రాత్రీ పగలూ టావెర్న్‌లలో, సందుల్లో, టెంపుల్ బార్ అనే లండన్ ద్వారం ముందు మంటల చుట్టూ పాడుతున్న దాని గురించి. ‘వందల పాటలు ఊరికే పుట్టవు’ అని అప్పుడూ అన్నారు.

1681 జులై 1న టైబర్న్‌లో ప్లంకెట్‌ను ఉరి తీసి ముక్కలు చేశారు. ఆ కుట్ర పేరు మీద చనిపోయిన ఆఖరి క్యాథలిక్ గురువు ఆయనే. ఆయన తల ఇవాళ్టికీ ఐర్లండ్‌లోని ద్రొహెడా ఊళ్ళో, సెయింట్ పీటర్స్ చర్చిలో అద్దాల పెట్టెలో ఉంది. పంపిన ఐదుగురినీ అడుగుతున్నాను, మెసేజ్ ఇంకోసారి తెరిచి వెతకండి. అంత పొడుగు మెసేజ్‌లో ఆయన పేరు ఎక్కడా లేదు.